నొప్పికి సాక్ష్యం: మిక్ ఫోలీ ఆత్మకథలో శరీరం, అభినయం, సత్యం

వ్యాససంగ్రహం

అమెరికన్ ప్రొఫెషనల్ రెజ్లర్ మిక్ ఫోలీ 1999లో వెలువరించిన ఆత్మకథ 'హావ్ ఎ నైస్ డే!'. ఫలితం ముందే నిర్ణయమైన పోరులో శరీరం మాత్రం నిజంగా గాయపడుతుంది. అటువంటి వృత్తిలోని మనిషి తన జీవితాన్ని చెప్పుకునేటప్పుడు సత్యం ఎక్కడ నిలుస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ఫోలీ తన గాయాలను దాచలేదు. అయితే ఆ గాయాలను చూసినవారి బాధను చెప్పవలసిన చోట తొలి గ్రంథం ఆగిపోతుంది. ఆ బాధ రెండవ గ్రంథమైన 'ఫోలీ ఈజ్ గుడ్' (2001) దాకా వాయిదా పడింది. ఆత్మకథా సిద్ధాంతాన్నీ, నాట్యశాస్త్రంలోని రంగనిషేధాలనూ ఆధారం చేసుకొని ఈ వాయిదాను పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఆత్మకథ, రెజ్లింగ్, కేఫేబ్, అభినయం, ప్రేక్షకుడు, గాయం, జ్ఞాపకం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో స్వీయచరిత్రల అధ్యయనం ఎక్కువగా సంస్కర్తల, కవుల, రాజకీయ నాయకుల రచనల చుట్టూ సాగింది. కందుకూరి వీరేశలింగం 'స్వీయచరిత్రము' మొదలు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' వరకు ఆ రచనల్లో కర్త బుద్ధీ వాక్కూ అభిప్రాయమూ ప్రధానం. శరీరం జబ్బుపడినప్పుడో, ఆకలిగొన్నప్పుడో, దూరప్రయాణం చేసినప్పుడో మాత్రమే ప్రస్తావనకు వస్తుంది. శరీరమే పనిముట్టు అయినవారి స్వీయచరిత్రలను మనం సాహిత్యంగా చదివింది తక్కువ. స్త్రీపాత్రధారణలో సుప్రసిద్ధుడైన స్థానం నరసింహారావు 'నటస్థానం' వంటి గ్రంథాన్ని సైతం నాటకరంగ చరిత్రకు ఆధారంగా వాడుకున్నంతగా ఆత్మకథగా విశ్లేషించలేదనే చెప్పాలి.

ఈ లోటు దృష్ట్యా ఒక రెజ్లర్ ఆత్మకథను పరిశీలనకు తీసుకోవడం జరిగింది. విషయం మనకు మరీ దూరమైనదేమీ కాదు. 1990ల తర్వాత కేబుల్ టీవీ వెంట డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కార్యక్రమాలు తెలుగు ఊళ్లకూ చేరాయి. వాటితోపాటే చిల్లరకొట్లలో రెజ్లర్ల బొమ్మలున్న కార్డులు వచ్చాయి. ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు, గెలిచిన పోటీల సంఖ్య ఆ కార్డుల మీద ఉండేవి. ఎవరి అంకె పెద్దదైతే కార్డు వారిది. నా తరంవారిలో చాలామందికి రెజ్లర్ అంటే ముందుగా ఆ అంకెలే. ఆ కార్డు మీద లేని లెక్కలు కొన్ని ఉన్నాయి. ఎన్ని కుట్లు పడ్డాయి, ఎన్ని పళ్లు ఊడాయి, ఎన్నిసార్లు స్పృహ తప్పింది అన్నవి. ఫోలీ గ్రంథం ఆ రెండవ రకం లెక్కలతో నిండి ఉంటుంది.

మైకేల్ ఫోలీ 1965లో ఇండియానా రాష్ట్రంలో జన్మించి న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో పెరిగాడు. తండ్రి ఉన్నత పాఠశాలలో క్రీడావిభాగాధిపతి. అంటే రెజ్లింగ్ ఇతనికి పేదరికం తెచ్చిపెట్టిన పని కాదు, కోరి ఎంచుకున్నది. 1983 అక్టోబరులో కళాశాల విద్యార్థిగా ఉన్నప్పుడు దారిన పోయే కార్లను ఆపి ఎక్కుతూ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు వెళ్లి, జిమ్మీ స్నూకా ఉక్కుపంజరం పైనుంచి ప్రత్యర్థి మీదికి దూకడం చూశాడు. జీవితం ఆ క్షణాన నిశ్చయమైందని చెప్పుకుంటాడు. తర్వాత కోర్ట్‌లాండ్‌లో చదువుకుంటూనే వారాంతాల్లో పెన్సిల్వేనియాలోని ఫ్రీడమ్ అనే ఊరికి కారులో వెళ్లి, ఆ కారులోనే పడుకుంటూ, డొమినిక్ డెనూచీ దగ్గర శిక్షణ పొందాడు. మొదటి పోటీ 1986లో. గ్రంథం వచ్చేనాటికి ఆ వృత్తిలో పదమూడేళ్లు గడిచాయి.

2. కేఫేబ్: రహస్యమూ ఒప్పందమూ

ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజ్యూన్ 1975లో 'ఆత్మకథా ఒప్పందం' అనే భావనను ప్రతిపాదించాడు. గ్రంథకర్త, కథకుడు, కథానాయకుడు ముగ్గురూ ఒక్కరేనని ముఖపత్రం మీది పేరు పాఠకుడికి హామీ ఇస్తుందన్నది దాని సారం. ఆ హామీ లేకపోతే ఆత్మకథకూ ఉత్తమపురుషలో సాగే నవలకూ భేదం చూపడం కష్టం. ఫోలీ గ్రంథం ముఖపత్రం మీద మాత్రం మిక్ ఫోలీ అనే పేరూ, అతడు ధరించిన 'మ్యాన్‌కైండ్' అనే పాత్ర పేరూ రెండూ కనబడతాయి. హామీ ఇస్తున్నది ఎవరు?

రెజ్లర్ల వృత్తిపరిభాషలో 'కేఫేబ్' అనే మాట ఒకటుంది. గోదాలో జరిగేది నిజమైన పోటీయేననీ, అక్కడి వైరాలు నిజమైన వైరాలేననీ బయటివారి ముందు నిలబెట్టే కట్టుబాటుకు అది పేరు. ఈ కట్టుబాటు పాటించినంతకాలం నాయకపాత్రధారి, ప్రతినాయకపాత్రధారి ఒకే కారులో ప్రయాణిస్తూ జనం కంటపడటం కూడా నేరమే. అంటే గోదా దిగాక కూడా నటన కొనసాగాలి. మన నటులకు ఈ బాధ లేదు. దుర్యోధన వేషధారి తెర వెనక భీమవేషధారితో కలిసి చుట్ట కాలిస్తే ఎవరూ మోసపోయామనుకోరు.

ఈ రహస్యాన్ని ఛేదించినది కళాకారులు గాని విమర్శకులు గాని కాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ఎదుట డబ్ల్యుడబ్ల్యుఎఫ్ ప్రతినిధులే తమది క్రీడ కాదు, వినోదమని ఒప్పుకున్నారు. క్రీడల కమిషన్ పర్యవేక్షణ నుంచీ, దానికి సంబంధించిన సుంకాల నుంచీ తప్పించుకోవడం దాని ప్రయోజనం. కాబట్టి ఫోలీ పుస్తకం 'ఇదంతా ముందే అనుకున్నదే' అనే రహస్యాన్ని బయటపెట్టినందువల్ల విలువైనది కాదు. ఆ రహస్యం పదేళ్ల క్రితమే కాగితాలకెక్కింది. అటుపై మిగిలిన ప్రశ్న వేరు. అనుకున్నదే అయినప్పుడు ఆ రక్తం ఎవరిది?

గ్రంథరచన తీరు కూడా ఇక్కడ గమనించదగినది. ప్రసిద్ధుల ఆత్మకథలకు అలవాటైన పద్ధతిలో మొదట వేరొక రచయితను నియమించారు. ఆ పని నచ్చక ఫోలీ తానే కలం పట్టి, విమానాల్లో, హోటల్ గదుల్లో, పోటీకీ పోటీకీ మధ్య దాదాపు 760 పుటలు చేత్తో రాశాడు. హార్పర్‌కాలిన్స్‌కు చెందిన రీగన్‌బుక్స్ దానిని ప్రచురించింది. న్యూయార్క్ టైమ్స్ కాల్పనికేతర గ్రంథాల జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది. తర్వాత రెజ్లర్ల ఆత్మకథలు వరుసకట్టాయి. వాటిలో ఎక్కువ భాగం సహాయకుల చేతిమీదుగా వచ్చినవే.

3. చెవి

గ్రంథంలో అత్యంత ప్రసిద్ధమైన గాయం చెవికి సంబంధించినది. 1994 మార్చిలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో వేడర్ అనే భారీకాయుడైన రెజ్లర్‌తో పోటీ. రింగు చుట్టూ ఉండే తాళ్లలో మెడ ఇరికించుకొని ఉరిపడినట్లు వేలాడటం ఫోలీకి అలవాటైన విన్యాసం. ఆ రోజు తాళ్లు మామూలు కంటే బిగువుగా ఉన్నాయి. అందులోంచి తలను లాగుకోవడంలో కుడిచెవి దెబ్బతిని, పోటీ కొనసాగుతుండగా అందులో పెద్ద ముక్క ఊడిపోయింది. రిఫరీ దానిని ఏరి తీశాడు. పోటీ ఆగలేదు.

సాధారణ పాఠకుడు ఇక్కడ ఉలిక్కిపడి తర్వాతి పుటకు వెళతాడు. విమర్శకుడు ఆగవలసిన చోటు ఆ తర్వాత వస్తుంది. అప్పుడు ఫోలీ డబ్ల్యుసిడబ్ల్యు అనే సంస్థలో ఉన్నాడు. చెవి పోయిన మనిషి, చెవి పోగొట్టిన మనిషి ఇద్దరూ తమ దగ్గరే ఉన్నా ఆ సంస్థ దానిని కథగా మలచడానికి ఉత్సాహం చూపలేదు. ఫోలీ బాధ చెవి పోయినందుకు కంటే చెవి పోవడం వృథా అయినందుకు ఎక్కువ అనిపిస్తుంది. చెవిని సరిచేయించుకునే శస్త్రచికిత్సకు వెళ్లడమా, మే నెలలో జరగబోయే పెద్ద ప్రదర్శనలో పాల్గొనడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అతడు ప్రదర్శనవైపే మొగ్గాడు.

దీనికి ఏడాది ముందరి ఘట్టాన్ని పక్కన పెడితే చిత్రం పూర్తవుతుంది. 1993లో ఇదే వేడర్ ఇతణ్ణి పరుపు తొలగించిన కాంక్రీటు నేలమీద వేసి కొట్టాడు. అది నిజమైన దెబ్బ. ఆ దెబ్బను సంస్థ వాడుకున్నది. ఎట్లాగంటే, అతడు జ్ఞాపకశక్తి పోగొట్టుకొని క్లీవ్‌లాండ్ నగరవీధుల్లో తిరుగుతున్నాడని, ఒక విలేఖరి వెతుకుతూ వెళ్లిందని హాస్యధోరణిలో చిన్నచిన్న సన్నివేశాలు తీసి ప్రసారం చేసింది. మొదటి గాయాన్ని ప్రహసనం చేశారు, రెండవ గాయాన్ని మౌనంలోకి తోశారు. దెబ్బ తినడం రెజ్లర్ వంతు. ఆ దెబ్బకు అర్థం నిర్ణయించడం సంస్థ వంతు.

ఈ దృష్టితో చూస్తే ఆత్మకథ రాయడం ఫోలీకి కీర్తికోసం చేసిన పని మాత్రమే కాదు. తన గాయానికి తానే కథ చెప్పే హక్కును తిరిగి తీసుకోవడం. ఈ వృత్తిలోని వారికి సంస్థలు ఉద్యోగిహోదా ఇవ్వలేదు, స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే ఉంచాయి. కార్మికసంఘం లేదు. సంస్థ తరఫున ఆరోగ్యబీమా లేదు. మిగతా పరిశ్రమల్లో ప్రమాదాల రిజిస్టరులోకి ఎక్కే సమాచారం ఇక్కడ ఆత్మకథలోకి ఎక్కింది. కుట్ల సంఖ్య, విరిగిన ఎముక, ఊరు, తేదీ, ప్రత్యర్థి పేరు అంటూ గ్రంథమంతటా సాగే నమోదులను గొప్పలుగా తీసుకున్నవారున్నారు. నాకవి హాజరుపట్టీలా, పరిహారం అడగని ఫిర్యాదులా కనబడ్డాయి.

అయితే ఇక్కడే ఒక పరిమితిని చెప్పుకోవాలి. ఈ పుస్తకం డబ్ల్యుడబ్ల్యుఎఫ్ ఆమోదంతో వచ్చింది. విడిచివచ్చిన సంస్థ లోపాలను చెప్పడంలో ఉన్న పదును, ఉన్న సంస్థ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. 1997 నవంబరులో మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌కు చెప్పకుండా అతణ్ణి ఓడినట్లు ప్రకటించిన సంఘటన ఈ రంగంలో యజమాని నమ్మకద్రోహానికి పేరుపడ్డ ఉదాహరణ. దానికి నిరసనగా ఫోలీ మర్నాటి ప్రదర్శనకు వెళ్లలేదు. తర్వాత ఒప్పందం గుర్తుకొచ్చి తిరిగివెళ్లాడు. యజమాని విన్స్ మెక్‌మాన్ పట్ల గ్రంథంలో కనిపించే ఆత్మీయతను ఈ ఒక్కరోజు గైర్హాజరీతో కలిపి చదవాలి.

4. మూడు పేర్ల మనిషి

ఫోలీ వేసిన ముఖ్యపాత్రలు మూడు. ముళ్లకంచెలు, రక్తం ఇష్టపడే కాక్టస్ జాక్ ఒకటి. తోలుముసుగు వేసుకొని చీకటి గదుల్లో తనలో తాను గొణుక్కునే మ్యాన్‌కైండ్ ఇంకొకటి. రంగుబట్టల్లో నాట్యమాడే విలాసపురుషుడు డ్యూడ్ లవ్ మూడవది. 1998 జనవరిలో జరిగిన రాయల్ రంబుల్‌లో అతడు ఒకే పోటీలో ఈ మూడు పేర్లతో మూడుసార్లు రింగులోకి వచ్చాడు. జనం నవ్వుకున్నారు. ఆత్మకథను చదివేవారికి మాత్రం 'నేను' అనే సర్వనామం ఎంత ఇరుకైనదో తెలియజెప్పే దృశ్యమిది.

వీటిలో అన్నిటికంటే పాతది డ్యూడ్ లవ్. ఆడపిల్లలు కన్నెత్తి చూడని లావుపాటి కుర్రవాడు పద్దెనిమిదేళ్ల వయసులో తన ఊహల్లోని తనకు పెట్టుకున్న పేరది. ఆ పేరుతో స్నేహితులతో కలిసి ఇంట్లోనే వీడియో తీశాడు, ఇంటికప్పు పైనుంచి కింద పరిచిన పరుపుల మీదికి దూకాడు. 1997లో వ్యాఖ్యాత జిమ్ రాస్ టీవీలో మ్యాన్‌కైండ్‌ను వరుసగా కొన్ని వారాలపాటు ఇంటర్వ్యూ చేశాడు. ముసుగులోని పాత్ర తన బాల్యాన్ని చెప్పుకున్నది. తార్కాణంగా ఆ పాత వీడియోనే చూపించారు. చెప్పింది పాత్ర. చెప్పినది మాత్రం చాలావరకు ఫోలీ జీవితం. అంతదాకా రాక్షసుడిగా చూసిన ప్రేక్షకులు ఆ ఇంటర్వ్యూల తర్వాత అతణ్ణి అక్కున చేర్చుకున్నారు.

ఈ ఘట్టాన్ని అతని ఆత్మకథకు తొలిప్రతిగా గుర్తించాలని నా ప్రతిపాదన. రెండేళ్ల తర్వాత కాగితం మీదికి వచ్చిన కథలో ముఖ్యమైన మలుపులు అనేకం ఆ ఇంటర్వ్యూల్లో ప్రేక్షకుల ముందు పరీక్షకు నిలిచి, నెగ్గి వచ్చినవే. సాధారణంగా జీవితం ముందు, ఆత్మకథ తర్వాత, ఆపైన దానికి నాటకీకరణ. ఇక్కడ నాటకీకరణ ముందు వచ్చి ఆత్మకథకు దారి వేసింది. విరాటపర్వంలో వలలుడనే మారుపేరుతో ఉన్న భీముడు విరాటుని కొలువులో మల్లుణ్ణి ఓడించినప్పుడు పేరు అబద్ధం, బలం నిజం. అజ్ఞాతవాసం ముగియగానే పేరు తొలగి మనిషి మిగులుతాడు. ఫోలీకి అజ్ఞాతవాసం ముగిసే తేదీ లేదు. ముసుగు తీసి రాసిన పుస్తకం మీద కూడా ముసుగు పేరు ఉన్నది.

గ్రంథంలోని హాస్యం గురించి ఒకమాట. ఫోలీకి తనమీద తాను నవ్వుకోగల నేర్పుంది. మ్యాన్‌కైండ్ చేతికి తొడుక్కునే మేజోడును 'మిస్టర్ సాకో' అనే బొమ్మగా మార్చి ప్రదర్శనల్లో ప్రవేశపెట్టడం ఆ నేర్పుకు ఫలితమే. గ్రంథం ఉపశీర్షికలో రక్తం పక్కన మేజోళ్లు చేరింది అందుకే. కాని స్నేహితుడైన ఆల్ స్నోపై పదేపదే విసిరే ఛలోక్తులు, కుర్రకారు కబుర్ల స్థాయి దాటని స్త్రీప్రస్తావనలు అనేకచోట్ల విసుగు పుట్టిస్తాయి. నిర్దాక్షిణ్యంగా కత్తిరించే సంపాదకుడు ఉంటే గ్రంథం మరింత బలంగా ఉండేది.

5. టేపులో దొరికిన జ్ఞాపకం

1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్‌తో జరిగిన 'హెల్ ఇన్ ఎ సెల్' పోటీ ఫోలీ పేరుతో విడదీయరానిది. పదహారు అడుగుల ఎత్తున్న పంజరం పైకప్పు మీద పోటీ మొదలుపెట్టారు. అక్కడినుంచి అతణ్ణి కింద వ్యాఖ్యాతల బల్లమీదికి విసిరారు. అది అనుకున్నదే. స్ట్రెచరు మీంచి లేచి మళ్లీ పైకి ఎక్కాడు. ఈసారి పైకప్పు జాలీ ఊడిపోయి రింగులోకి పడ్డాడు. అది అనుకోనిది. వెంట జారిన కుర్చీ ముఖానికి తగిలింది, పన్ను ఊడింది. పోటీ చివర వేలకొద్దీ డ్రాయింగ్ పిన్నుల మీద పడటం ఇంకా మిగిలే ఉంది.

ఈ పోటీలో చాలాభాగం అతనికి గుర్తులేదు. పోటీ ముగిశాక పిన్నులు వాడామా అని అండర్‌టేకర్‌నే అడిగితే నీ చేయి చూసుకోమని అతడు చెప్పాడట. ఆ పిన్నులు అప్పటికీ చేతిలో గుచ్చుకునే ఉన్నాయి. కనుక ఫోలీ ఈ అధ్యాయాన్ని రాయడానికి వీడియోటేపు చూడక తప్పలేదు.

ఆత్మకథకు ఆధారం జ్ఞాపకమని మనం నమ్ముతాం. జ్ఞాపకం తప్పవచ్చు, రంగు మార్చుకోవచ్చు, అయినా అది కర్తదే. ఇక్కడ కర్త తన జీవితంలోని ముఖ్యక్షణానికి ప్రేక్షకులలో ఒకడై, అందరూ చూసిన టేపునే చూసి, దానికింద తన నొప్పిని రాసుకున్నాడు. అనుభవించినవాడికీ చూసినవాడికీ మధ్య ఉండవలసిన దూరం ఆ తలదెబ్బతో చెరిగిపోయింది. రోలాఁ బార్త్ 'మైథాలజీస్' (1957) తొలివ్యాసంలో రెజ్లింగ్ క్రీడ కాదు, దృశ్యమనీ, అక్కడ ప్రేక్షకుడు కోరేది నొప్పిని కాదు, నొప్పి ఆకారాన్ననీ విశ్లేషించాడు. ఆ విశ్లేషణ ఇప్పటికీ పదునైనదే. కాని బార్త్ కూర్చున్నది ప్రేక్షకుల వరుసలో. అతని వ్యాసంలో రెజ్లర్ శరీరం ఒక సంకేతం. ఆ సంకేతానికి మర్నాడు పొద్దున మంచం దిగవలసిన అవసరం ఉండదు. ఫోలీ గ్రంథంలోని గొప్ప పుటలు ఆ మర్నాటి పొద్దుల గురించినవి.

సహవృత్తి వారిలో కొందరికి ఈ పుటలు రుచించలేదు. ఆ రంగంలో మహానటుడనదగిన రిక్ ఫ్లెయిర్ 2004లో వచ్చిన తన ఆత్మకథలో ఫోలీని సాహసవిన్యాసాలు చేసే స్టంట్‌మన్‌గా తీసిపారేశాడు. దెబ్బ తగలకుండానే తగిలినట్లు చూపించడం కళ, నిజంగా తగిలించుకోవడం కళాలోపం అన్నది ఫ్లెయిర్ పక్షం. దీనిని ఈర్ష్యగా కొట్టివేయలేం. భారతీయ నాట్యసిద్ధాంతం కూడా ఫ్లెయిర్ వైపే నిలుస్తుంది.

6. రంగస్థలంపై రక్తం

నాట్యశాస్త్రం రంగస్థలంపై ఆయుధప్రయోగాన్ని వివరిస్తూ అక్కడ ఛేదించడం, భేదించడం, రక్తం కారడం ఉండరాదని నిషేధించింది. ప్రహారాన్ని సంజ్ఞతో సూచించాలి. యుద్ధాన్ని, మరణాన్ని అంకంలో ప్రత్యక్షంగా చూపక ప్రవేశకం ద్వారా తెలపాలని మరొక నియమం. నిజమైన రక్తం చూసిన ప్రేక్షకుడు రసాస్వాదన నుంచి బయటపడి, నటుడికి ఏమైందోనని కంగారుపడతాడు. శోకం కరుణరసంగా మారక శోకంగానే మిగిలిపోతుంది. ఈ నిషేధాన్ని కేవలం సౌకుమార్యంగా భావించేవారున్నారు గాని, నటుణ్ణి కాపాడే కార్మికచట్టం కూడా అందులో ఉందని నాకు తోస్తుంది.

ఫోలీ వృత్తి ఈ నిషేధాన్ని తలకిందులు చేసింది. ఫలితం ముందే నిర్ణయమైనదని తెలిసిన ప్రేక్షకుణ్ణి నమ్మించడానికి మిగిలిన ఒకే ఒక సాధనం నిజమైన రక్తం. తెలిసిన కథను చూడటానికి జనం రారన్నది మాత్రం అపోహ. వీధినాటకం చూసే మన ప్రేక్షకులకు ఆ సంగతి చెప్పనక్కరలేదు. ఫోలీ మొదటిసారి ఛాంపియన్‌షిప్ గెలిచిన పోటీయే దానికి మంచి నిదర్శనం. 1998 డిసెంబరు 29న చిత్రించిన ఆ పోటీ 1999 జనవరి 4న ప్రసారమైంది. పోటీ చానల్‌లోని వ్యాఖ్యాత అతడు గెలవబోతున్నాడని ముందే ఎద్దేవాగా ప్రకటించాడు. ఆ మాట విని లక్షలాది ప్రేక్షకులు ఆ చానల్ వదిలి ఇటు వచ్చేశారు. వారు ఫలితంకోసం రాలేదు. ఎవరు గెలుస్తాడో తెలిసి, అతడు గెలవడం చూడటానికి వచ్చారు. ఆ రాత్రికి రక్తం అవసరం కాలేదన్నది గమనార్హం.

ఈ వైరుధ్యం ఫోలీకి తెలియనిది కాదు. 1995లో ఇసిడబ్ల్యు అనే చిన్న సంస్థలో ఉన్నప్పుడు, మూడేళ్ల తన కొడుకును బెత్తంతో కొట్టమంటూ ఒక ప్రేక్షకుడు పట్టుకున్న అట్ట అతని కంటపడింది. దాని ఆధారంగా కెమెరా ముందు అతడు చేసిన ప్రసంగం ప్రేక్షకుల రక్తదాహాన్ని నిలదీసింది. రెజ్లింగ్ వాచికాభినయంలో దానితో పోల్చదగినవి అరుదు. కాని ఆ ఏడాదే ఆగస్టు 20న జపాన్‌లోని కవాసాకిలో ముళ్లతీగలూ పేలుడు పదార్థాలూ అమర్చిన 'కింగ్ ఆఫ్ ది డెత్‌మ్యాచ్' పోటీలో టెర్రీ ఫంక్‌తో తలపడి, కాలిన గాయాలతో విజేత అయ్యాడు. ప్రశ్నించినవాడూ ప్రశ్నకు గురి కావలసినవాడూ ఒక్కడే. ఈ రెండు ఘట్టాలనూ గ్రంథం దాచలేదు, కలిపి చూడనూ లేదు. రెండింటినీ సమానమైన ఉత్సాహంతో చెప్పుకుపోతుంది.

7. ముందు వరుస

గ్రంథంలోని ప్రధానకథనం ఛాంపియన్‌షిప్ విజయం దగ్గర ముగుస్తుంది. స్నూకా దూకుడు చూసిన కుర్రవాడు స్వయంగా ఛాంపియన్ కావడం కథకు చక్కని ముగింపే. కాని గ్రంథం రాసే నాటికి ఫోలీ జీవితం అక్కడ ఆగి లేదు. 1999 జనవరి 24న, అంటే ఆ విజయం ప్రసారమైన మూడువారాలు తిరగకముందే, కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో రాక్‌తో 'ఐ క్విట్' పోటీ జరిగింది. ఓటమిని నోటితో ఒప్పుకున్నవాడు ఓడినట్లు లెక్క. ఫోలీ చేతులకు వెనక సంకెళ్లు వేసి ఉన్నాయి. ముందనుకున్న సంఖ్యను దాటి పదకొండుసార్లు ఇనుపకుర్చీతో తలమీద కొట్టారు. చేతులు కట్టి ఉన్నందువల్ల దెబ్బను కాచుకోవడానికి వీలులేదు. ముందు వరుసలో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు.

ఆ రాత్రిని బ్యారీ బ్లౌస్టీన్ అనే దర్శకుడు 'బియాండ్ ది మ్యాట్' డాక్యుమెంటరీకోసం చిత్రించాడు. ఇదంతా ఆటేనని పిల్లలకు ముందే చెప్పారు; రాక్ స్వయంగా వారితో కబుర్లాడాడు. దెబ్బలు మొదలయ్యాక ఆ ముందుమాట ఎందుకూ పనికిరాలేదు. పిల్లలు ఏడ్చిన తీరును కెమెరా పట్టుకుంది. నాట్యశాస్త్రం ఏ ప్రేక్షకుణ్ణి దృష్టిలో పెట్టుకొని రక్తాన్ని నిషేధించిందో ఆ ప్రేక్షకులు వారే. వారికి అక్కడ రసం లేదు, పాత్ర లేదు. తండ్రి ఉన్నాడు.

ఆత్మకథాకర్తకు తన కథ ఎక్కడ ఆపాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంది. గెలుపు దగ్గర ఆపడం తప్పు కాదు. కాని ఎవరికి ఏ బాధ కలిగిందో ఇంత నిశితంగా నమోదు చేసిన గ్రంథంలో ఈ బాధకు చోటు చిక్కకపోవడాన్ని కేవలం కాలక్రమానికి సంబంధించిన విషయంగా తీసుకోలేం. అంతదాకా గ్రంథంలోని గాయాలన్నీ కర్తవి. వాటిమీద నవ్వే హక్కు అతనిదే. ముందు వరుసలోని గాయం మీద నవ్వడానికి అతనికి హక్కు లేదు. హాస్యమే ఊపిరిగా సాగే కథనానికి ఆ పుట రాయడం చేతకాలేదని నా అభిప్రాయం.

రెండేళ్లకు వచ్చిన 'ఫోలీ ఈజ్ గుడ్' ఆ రాత్రిని ఎదుర్కొన్నది. డాక్యుమెంటరీలో బ్లౌస్టీన్ ఆ దృశ్యాలను ఫోలీకి చూపే ఘట్టం ఉంది. పిల్లల ముఖాలు చూసి ఫోలీ కుంగిపోతాడు, తాను మంచి తండ్రినేనా అన్న సందేహాన్ని బయటపెడతాడు. హెల్ ఇన్ ఎ సెల్ విషయంలో లాగానే ఇక్కడా అతనికి నిజం తెలిసింది టేపు ద్వారానే. అక్కడ తనకు గుర్తులేనిది టేపు చెప్పింది. ఇక్కడ తాను చూడనిది చెప్పింది. రెండవ గ్రంథం తొలిదానికంటే కోపం ఎక్కువగా, నవ్వు తక్కువగా ఉన్నదని చదివినవారికి తెలుస్తుంది. అందులో పత్రికలవారిమీద, విమర్శకులమీద, రెజ్లింగ్‌ను తప్పుపట్టిన సర్వేలమీద సుదీర్ఘమైన వాదాలున్నాయి. వాటిలో చాలా వాదాలు సమర్థనీయమే. అయితే ఆ వాదాల పరిమాణాన్ని, ముందు వరుసకు కేటాయించిన పుటలతో పోల్చి చూసుకుంటే కర్త ఎవరికి జవాబు చెప్పడం సులభమనుకున్నాడో అర్థమవుతుంది.

ఆ పోటీ ముగింపు సంగతి ఒకటి మిగిలింది. ఓటమిని ఒప్పుకునే మాట ఫోలీ గొంతుతోనే హాలంతా మారుమోగింది, పోటీ అయిపోయింది. నిజానికి ఆ క్షణాన అతడు ఏమీ అనలేదు. అప్పటికి అతడు తెలివిలేకుండా పడి ఉన్నట్లు కథ. అంతకుముందు ఒక ఇంటర్వ్యూలో అన్న మాటల రికార్డును లౌడ్‌స్పీకర్లలో వేశారు. భార్యాపిల్లలు అప్పటికే లేచి వెళ్లిపోయారు.